మోటారు బండి దాహము

ఎండలో బరువు లాగిన యెద్దు తన యలసటను దాచుకొనదు. నోట నురుగు గ్రక్కును, డొక్క లెగురవేయును, అడుగు తడబడును. ఆ గుర్తులను చూచిన రైతు కాడి దింపి, ఎద్దును చెట్టునీడకు తోలి, కుడితితొట్టి ముందు నిలుపును. అది నీరు త్రాగి కొంతసేపు విశ్రమించిన పిదపగాని మరల బండికి కట్టడు. ఇది తరతరములుగా మన పల్లెలలో నడచివచ్చిన ధర్మము.

నేడు పెక్కు గ్రామములలో ఎద్దుబండి నిలిచిన చోట చిన్న పికప్ బండి నిలిచియున్నది. తెల్లవారకమునుపే కూరగాయల బుట్టలను సంతకు చేర్చునది అదియే. ఎరువు బస్తాలను ఊరికి తెచ్చునది అదియే. పెండ్లియింటికి వంటపాత్రలను మోయునది అదియే. ఈ బండికిని ఎద్దువలెనే అలసట కలదు, దాహము కలదు. కాని దానికి నోరు లేదు. తోలువాని యెదుట పలకపై వేడిమిని సూచించు చిన్న ముల్లుగాని, ఒక యెఱ్ఱని దీపముగాని తప్ప, తన బాధను చెప్పుకొనుటకు దానికి వేఱు మార్గము లేదు. ఆ సూచనను లెక్కచేయనివాడు ఒక్క పూటలోనే ఇంజనును పాడుచేసికొని, అప్పు తీరని బండిని మూలను నిలుపుకొనవలసి వచ్చును.

ఇంతకు ఇంజనునకు ఈ వేడి యెక్కడిది? డీజిలుగాని పెట్రోలుగాని గాలితో కలిసి సిలిండరులో మండుటవలననే బండి నడచుచున్నది. ఆ మంటలోని వేడిమి క్షణకాలము 2000 సెంటీగ్రేడు డిగ్రీలను దాటును. ఇంజనులో పెక్కు భాగములు అల్యూమినియముతో చేయబడినవి. అల్యూమినియము 660 డిగ్రీలకే కరగును. వేడిమిని ఎప్పటికప్పుడు తొలగించు ఏర్పాటు లేనిచో, ఇంజను కొద్ది నిమిషములలోనే బిగిసిపోవును. ఇంధనమునకై వెచ్చించిన రూపాయిలో సుమారు మూడవవంతు మాత్రమే చక్రములను త్రిప్పుటకు వినియోగపడును. ఇంచుమించుగా మరియొక మూడవవంతు వేడిపొగ రూపమున వెనుక గొట్టము గుండ వెడలిపోవును. తక్కినదానిలో పెద్దభాగము ఇంజను గోడలకు ప్రాకును. ఆ భాగమును మోసికొనిపోవుటయే చల్లార్చు ద్రవము యొక్క పని. వాడుకలో దానిని కూలెంటు అందురు.

వేడిమిని మోయుటలో నీటికి సాటివచ్చు ద్రవములు అరుదు. ఒక కిలో యినుమును ఒక డిగ్రీ వేడిచేయుటకు కావలసిన వేడిమికి ఇంచుమించు తొమ్మిది రెట్లు వేడిమి ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు కావలయును. అనగా నీరు చాల వేడిమిని తనలో నిముడ్చుకొనియు తాను త్వరగా కాగదు. మోటారు బండ్లను మొదట నిర్మించినవారు నీటినే ఆశ్రయించుటకు ఇదియే కారణము.

జర్మనీ దేశమున కార్ల్ బెంజ్ 1886లో తన మూడుచక్రముల మోటారు బండికి పేటెంటు పొందెను. ఆ బండిలో సిలిండరు చుట్టునున్న నీరు మరగి ఆవిరియై పోవుటయే చల్లార్చు విధానము. పోయిన నీటిని మాటిమాటికి నింపుకొనవలసియుండెను. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్, భర్తకు చెప్పకయే, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, మాన్‌హైమ్ నగరము నుండి నూరు కిలోమీటర్లకు పైగా దూరముననున్న తన పుట్టినయూరు ఫోర్జ్‌హైమ్‌నకు ఆ బండిలో ప్రయాణమయ్యెను. త్రోవపొడవునను నీరు దొరకిన తావులెల్ల ఆగి, ఆమె బండి దాహము తీర్చుచు పోయెను. ఇంధనపు గొట్టము పూడుకొనగా తన టోపీకి గ్రుచ్చుకొను సూదితో దానిని శుభ్రపరచెను. చీకటి పడునప్పటికి ముగ్గురును గమ్యము చేరిరి. లోకమున మోటారు బండి చేసిన తొలి దూరప్రయాణమిది. త్రోవలో నీరు పోయువారు లేకున్నచో ఆ ప్రయాణము సాగియుండెడిది కాదు.

పోసిన నీరు ఆవిరియై పోకుండ, దానినే చల్లార్చి మరల మరల వాడుకొనవలెనను ఆలోచన క్రమముగా బలపడెను. విల్హెల్మ్ మైబాఖ్ అను జర్మను ఇంజనీరు 1901 నాటి మెర్సిడెస్ బండికి తేనెపట్టును పోలిన రేడియేటరును అమర్చెను. అందు ఎనిమిదివేలకు పైగా సన్నని గొట్టములుండెను. గొట్టములలోనుండి గాలియు, వాని నడుమ సందులలోనుండి నీరును పోవుచుండెను. మునుపటికంటె చాల తక్కువ నీటితోనే ఇంజను చల్లబడెను. నేటి రేడియేటరులో నీరు బల్లపరుపు గొట్టములలోనుండి పోవును. గాలి వాని నడుమనున్న పలుచని రేకుల సందులలోనుండి పోవును. రూపము మారినను సూత్రము మారలేదు.

ఆ ద్రవము తిరుగు దారిని తెలిసికొనుట అవసరము. ఇంజనునకు కట్టబడిన చిన్న పంపు ద్రవమును సిలిండర్ల చుట్టునున్న కాలువలలోనికి త్రోయును. అచట వేడెక్కిన ద్రవము పై రబ్బరు గొట్టము గుండ రేడియేటరునకు పోవును. బండి పరుగు వలన వచ్చు గాలియు, ఫ్యాను లాగు గాలియు దానిని చల్లార్చును. చల్లారిన ద్రవము క్రింది గొట్టము గుండ ఇంజనునకు తిరిగివచ్చును. ఈ దారిలో ద్వారపాలకుని వంటి భాగమొకటి కలదు. దాని పేరు థర్మోస్టాటు. ఒక చిన్న లోహపు గిన్నెలో మైనముంచి దానిని తయారుచేయుదురు. ఇంజను చల్లగానున్నంతసేపు అది తలుపు మూసియుంచును. వేడిమి సుమారు 82 మొదలు 90 డిగ్రీల నడుమకు వచ్చినపుడు మైనము కరగి, ఉబ్బి, తలుపును త్రోయును. అంత ద్రవము రేడియేటరులోనికి ప్రవేశించును. ఇంజను మిక్కిలి వేడెక్కుట యెంత చెడ్డదో, చాలినంత వేడెక్కకుండుటయు అంత మంచిది కాదు. కావుననే ఈ కాపలా.

రేడియేటరు మూతయు సామాన్యమైనది కాదు. అది వంటయింటి ప్రెషరు కుక్కరు మూత వంటిది. 1679లో డెనీ పపాఁ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బిగించిన పాత్రలో ఆవిరిని నిలిపి వంట చేయు సాధనమును నిర్మించెను. పాత్రలో పీడనము పెరిగినకొలది నీరు మరగు వేడిమియు పెరుగునను సత్యమే దానికి ఆధారము. బండి మూతలోని స్ప్రింగు లోపలి పీడనమును బయటి వాతావరణ పీడనమునకు సుమారు రెట్టింపుగా నిలుపును. అందువలన 100 డిగ్రీలకు మరగవలసిన నీరు సుమారు 120 డిగ్రీల వరకును మరగకుండ నిలుచును.

ఇందులో ఒక గొప్ప మేలును, దానికి తోడుగా ఒక గొప్ప అపాయమును కలవు. వేడిగానున్న రేడియేటరు మూతను త్రిప్పినతోడనే లోపలి పీడనము ఒక్కసారిగా తగ్గును. అంతవరకు మరగక అణగియున్న ద్రవము తత్క్షణమే సలసల మరగి, ఆవిరితో కలిసి, మనిషి యెత్తునకు చిమ్మును. మొగమును చేతులును బొబ్బలెక్కుటయేకాదు, కన్నులు పోవుటయు సంభవింపవచ్చును. విజిలు అణగకముందే కుక్కరు మూతను లాగువారుందురా? రేడియేటరు మూత విషయమునను అంతే.

మదనపల్లె చెంత టమాట పండించు రైతొకడు ఉన్నాడనుకొనుడు. అతడు సొంత పికప్ బండిలో పంటను తిరుపతికి చేర్చి, ఎరువు బస్తాలు వేసికొని భాకరాపేట కనుమ మీదుగా తిరిగివచ్చుచున్నాడు. మిట్టమధ్యాహ్నము. బరువు నిండుగానున్నది. కనుమ యెక్కుచుండగా ముల్లు ఎఱ్ఱగీతను తాకెను. ముందుభాగము నుండి ఆవిరి లేచెను. రైతు బండిని ప్రక్కకు తీసి ఇంజనును ఆపెను. వెంటనున్న కుమారుడు దుమికి, కొంగువస్త్రముతో మూతను పట్టబోయెను. తండ్రి పరుగున వచ్చి వాని చేయి లాగివైచెను.

“ముట్టవద్దురా! అది నీళ్లు కాదు, నిప్పు!” అని అతడు కేకవేసెను.

ఒక గంటకు పైగా ఇద్దరును చెట్టుక్రింద కూర్చుండిరి. ఇంజనుపై చన్నీళ్లు చల్లుటకైనను తండ్రి అంగీకరింపలేదు. కాలిన గాజుచిమ్నీపై నీటిచుక్క పడిన నది పగులును. వేడిలోహముపై చన్నీరు పడినను అట్టి పగులే పుట్టవచ్చును. అంతయు చల్లారిన పిదప మూతను మెల్లగా తీసి, వెంట తెచ్చుకొన్న త్రాగునీటిని కొద్దికొద్దిగా పోసి, మెల్లగా నడపుకొనుచు ఇల్లు చేరిరి.

మఱునాటి ఉదయమున ఎనిమిదవ తరగతి చదువుచున్న కుమార్తె బండికడకు వచ్చి చూచెను. మూత క్రిందనున్న ద్రవము వండలినీటివలె గోధుమరంగున నుండెను. మూత యంచున తెల్లని పెంకు కట్టియుండెను.

“నాయనా! నీళ్లు తగ్గినప్పుడెల్ల బోరునీళ్లు పోయుచునే యుంటివి గదా! మరి యిట్లయ్యెనేల?” అని ఆ బాలిక అడిగెను.

“ఆ బోరునీళ్లే తెచ్చిన చేటమ్మా యిది” అని తండ్రి నిట్టూర్చెను.

అతని మాట నిజము. బోరునీటిలో సున్నపు లవణములు కరగియుండును. నీళ్లకాగు లోపల తెల్లగా పేరుకొను పెంకు ఆ లవణములదే. అట్టి నీటిని ఇంజనులో పోసినచో సన్నని దారులలో అదే పెంకు పేరుకొనును. పెంకు వేడిమిని సరిగా ప్రసరింపనీయదు. నీరు నిండుగానున్నను ఇంజను చల్లబడకపోవుట కిది యొక కారణము. అదిగాక వట్టినీరు ఇనుమును త్రుప్పుపట్టించును, అల్యూమినియమును కొఱుకును. త్రుప్పురేణువులు పంపును అరుగదీయును. రేడియేటరు గొట్టములను పూడ్చును.

అందుచేతనే వట్టినీటికి బదులు కూలెంటును వాడుదురు. దానిలో ముఖ్యవస్తువు ఎథిలీన్ గ్లైకాల్ అను చిక్కని, రంగులేని ద్రవము. ఫ్రాన్సుదేశపు రసాయనశాస్త్రజ్ఞుడు షార్ల్ అడోల్ఫ్ వుర్ట్జ్ 19వ శతాబ్దపు మధ్యకాలమున దీనిని మొదట తయారుచేసెను. మోటారు బండ్లలో దీని వాడుక 1920 తరువాతి దశాబ్దమున వ్యాపించెను. నీటితో సమపాళ్లుగా కలిపినపుడు ఈ మిశ్రమము సుమారు 37 డిగ్రీలు సున్నకు దిగువకు పోవువరకు గడ్డకట్టదు. మామూలు పీడనముననే 106 డిగ్రీలు దాటినగాని మరగదు. బిగించిన మూత క్రింద ఇంకను ఎక్కువ వేడిమిని ఓర్చును. త్రుప్పును అడ్డగించు రసాయనములు కొన్ని దీనిలో స్వల్పముగా కలుపబడియుండును. చూచినంతనే గుర్తించుటకై రంగు కూడ కలుపుదురు.

చలిదేశములలో గడ్డకట్టకుండుటయే కూలెంటు యొక్క మొదటి ప్రయోజనము. నీరు మంచుగా మారునపుడు దాని ఘనపరిమాణము ఇంచుమించు నూటికి తొమ్మిదివంతులు పెరుగును. ఆ ఒత్తిడికి ఇనుపదిమ్మె సైతము పగులును. లడఖ్ వంటి మంచునేలలలో బండ్లు నడపువారికి ఈ భయము నిత్యము నుండును. తెలుగునేలపై లంబసింగి వంటి మన్యపుటూళ్లలో మాత్రము చలికాలమున వేడిమి సున్నకు చేరువగా దిగును. తక్కిన తావులలో మంచుభయము లేదు. అట్లని కూలెంటు మనకు అక్కరలేదని తలచుట పొరపాటు. మరగుటను ఆలస్యము చేయుటయు, త్రుప్పును ఆపుటయు మన యెండలకును, మన బోరునీటికిని మిక్కిలి అవసరములు.

అయినను కూలెంటు చిరకాలము నిలుచునది కాదు. వేడిమికిని గాలికిని లోనై గ్లైకాల్ క్రమముగా ఆమ్లములుగా మారును. త్రుప్పును ఆపు రసాయనములు తమ పనిచేయుచు ఖర్చగును. రక్షించుటకు పోసిన ద్రవమే తుదకు లోహమును తినసాగును. అందువలన గడువు ప్రకారము దానిని మార్చవలెను. పాతకాలపు రకములకు సామాన్యముగా రెండేండ్లును, సేంద్రియ ఆమ్లములతో చేసిన క్రొత్త రకములకు సుమారు ఐదేండ్లును గడువు. తన బండికి తగిన రకమేదో, గడువెంతయో, ఎన్ని లీటర్లు పట్టునో బండితో వచ్చిన పుస్తకమే చెప్పును. రంగును చూచి రకమును నిర్ణయింపరాదు. ఆకుపచ్చ, ఎఱుపు, నీలము అను రంగులకు అన్ని కంపెనీలకును చెల్లు కట్టుబాటేదియు లేదు. వేఱువేఱు రకములను కలిపినచో త్రుప్పును ఆపు శక్తి తగ్గును. ఒక్కొక్కప్పుడు ద్రవము జిగురువలె చిక్కబడి దారులను పూడ్చును.

ఈ మార్పును ఓపికగల పెద్దలు ఇంటియొద్దనే చేసికొనవచ్చును. పిల్లలు సాధనములు అందించుచు చూచి నేర్చుకొనవలెనేగాని తామై పూనుకొనరాదు. మదనపల్లె రైతు చేసిన పనిని క్రమముగా పరికించినచో విధానము తేటపడును.

అతడు ముందుగా బండిని రాత్రియంతయు కదలనీయలేదు. ఇంజను పూర్తిగా చల్లారియుండుట ఈ పనికి మొదటి నియమము. తెల్లవారిన పిదప బండిని చదునైన నేలపై, ఆరుబయట నిలిపి, చేతిబ్రేకు బిగించి, చక్రములకు రాళ్లు అడ్డముపెట్టెను. మూసిన పాకలో ఇంజనును నడుపరాదు. దాని పొగలో వాసనలేని విషవాయువుండును. తాళపుచెవిని తీసి జేబులో వేసికొనెను. కొన్ని బండ్లలో విద్యుత్తుతో తిరుగు ఫ్యాను తనంత తానుగా తిరుగనారంభించును గనుక ఆ జాగ్రత్త. చేతులకు రబ్బరు తొడుగులును, కన్నులకు అద్దములును ధరించెను. వెడల్పైన తొట్టి, గరాటు, పాతగుడ్డలు, స్పానర్లు, కొలత గీతలున్న డబ్బా, బ్యాటరీల దుకాణమున తెచ్చిన స్వేదనజలము, క్రొత్త కూలెంటు దగ్గర నుంచుకొనెను.

పిమ్మట మూతపై గుడ్డవైచి మెల్లగా త్రిప్పి తీసెను. కొన్ని బండ్లలో రేడియేటరుపై మూతయుండదు. ప్రక్కనున్న తెల్లని ప్లాస్టికు తొట్టికే బిగించు మూతయుండును. వానికిని ఇదే నియమము. తరువాత రేడియేటరు అడుగున తొట్టినుంచి, అచటనున్న చిన్న కుళాయిని విప్పెను. కుళాయి లేని బండ్లలో క్రింది రబ్బరు గొట్టమును క్లిప్పు వదులుచేసి లాగవలెను. మట్టిరంగు ద్రవము తొట్టిలోనికి దిగెను. నేలపై ఒక్క చుక్కయైనను పడనీయలేదు. ప్లాస్టికు తొట్టిని విప్పి, అడుగుననున్న బురదను కడిగెను.

ద్రవము కారుచుండగా కుమార్తెచేత రబ్బరు గొట్టములను నొక్కించి చూచెను. మంచి గొట్టము నొక్కినపుడు లొంగి మరల లేచును. మెత్తబడి ఉబ్బినదియు, ఎండి బీటలువాఱినదియు మార్చదగినవి. క్రింది గొట్టమున సన్నని బీటలుండుట బాలికకే మొదట కనబడెను. క్లిప్పుల త్రుప్పును, మూతలోని రబ్బరువలయమును పరీక్షించిరి. రేడియేటరు రేకుల సందులలో చిక్కిన పురుగులను, గడ్డిపరకలను మెత్తని కుంచెతో తీసివైచిరి. పాతగొట్టమునకు బదులు క్రొత్తది తెచ్చి బిగించిరి.

కుళాయి మూసి, స్వేదనజలము నిండుగా పోసి, మూత బిగించి, ఇంజనును నడపిరి. కొంతసేపటికి పై గొట్టము వేడెక్కెను. థర్మోస్టాటు తలుపు తెఱచుకొన్నదనుటకు అదియే గుర్తు. ఇంజనును ఆపి, పూర్తిగా చల్లారువరకు వేచి, ఆ నీటిని మరల దింపిరి. మొదటిసారి చాయ రంగున వచ్చెను. రెండవసారి పలుచని పసుపుగా వచ్చెను. మూడవసారి తేటగా వచ్చెను. ప్రతిసారియు చల్లారుటకు కొన్ని గంటలు పట్టుటచే ఆ దినమంతయు దీనికే చెల్లెను. తొందరపడువాడు ఈ పనికి పనికిరాడు.

ఇచట చిన్న లెక్క యొకటి కలదు. ఆ బండికి మొత్తము 8 లీటర్లు పట్టునని పుస్తకము చెప్పుచున్నది. కాని మూడవసారి దిగిన నీటిని డబ్బాతో కొలువగా 6 లీటర్లే యుండెను. తక్కిన 2 లీటర్లు ఇంజను కాలువలలో నిలిచిపోయినవన్నమాట. సమపాళ్ల మిశ్రమము కావలెనన్నచో 8 లీటర్లలో 4 లీటర్లు కూలెంటు, 4 లీటర్లు నీరు ఉండవలెను. నీరు 2 లీటర్లు లోపలనే యున్నది. కావున చిక్కని కూలెంటు 4 లీటర్లు ముందుగా పోసి, పైన 2 లీటర్ల స్వేదనజలము మాత్రమే పోయవలెను. ఈ లెక్క తెలియక, ముందే నీరు కలిపి అమ్ము కూలెంటును 6 లీటర్లు పోసినచో, దానిలో అసలు కూలెంటు 3 లీటర్లే యుండును, మిశ్రమము పలుచబడును. బాలిక పలకపై ఈ లెక్క వేసి చూపగా, దుకాణమున ఏ డబ్బా కొనవలెనో తండ్రికి తెలిసెను. బడిలో నేర్చిన నిష్పత్తులకు ఇట్టి ప్రయోజనములు పెక్కు.

మఱునాడు కుళాయి బిగించి, గరాటుతో కూలెంటును సన్నని ధారగా పోసిరి. వేగముగా పోసినచో దారులలో గాలి చిక్కుపడును. గాలియున్న చోట ద్రవముండదు. ద్రవము లేని చోట లోహము మాడును. అందుచే పోయుచు నడుమనడుమ రబ్బరు గొట్టములను పిసికి గాలిబుడగలను పైకి రప్పించిరి. కొన్ని బండ్లలో గాలిని విడుచుటకు ప్రత్యేకముగా చిన్న మర యుండును. నిండిన పిదప మూత తీసియుంచియే, చల్లని ఇంజనును నెమ్మదిగా నడపిరి. బుడగలు పైకి వచ్చుచుండగా మట్టము తగ్గెను. తగ్గినంత మేర నింపిరి. ఆ సమయమున మొగమును దానిపై వంచరాదు. బుడగలాగినతోడనే మూత బిగించి, ప్రక్కతొట్టిలో రెండు గీతల నడుమకు ద్రవము నింపిరి. ఊరివెలుపలి దాక బండిని నడపి, ముల్లు నడుమనే నిలుచుట చూచి, ఇంటికి తెచ్చి, గొట్టముల చేరికలలో తడియేమైన నున్నదేమోయని పరీక్షించిరి. మూడవనాటి ఉదయమున చల్లని ఇంజనులో మట్టమును మరల చూచి, తగ్గిన కొంచెమును నింపిరి. తారీఖును, కిలోమీటర్ల లెక్కను ఒక చీటిపై వ్రాసి బండిలో అంటించిరి.

పని ముగిసినట్లే కనబడును. కాని మిక్కిలి ముఖ్యమైన భాగము మిగిలియున్నది. తొట్టిలోని పాతద్రవము విషము. ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా నుండుటయే దాని మోసము. కుక్కలును పిల్లులును తీపికి ఆశపడి నాకును. పసిపిల్లలు షరబత్తనుకొని త్రాగుదురు. కడుపులోనికి పోయిన గ్లైకాల్‌ను కాలేయము ఆమ్లములుగా మార్చును. వానిలోని ఆక్సాలికామ్లము రక్తములోని కాల్షియముతో కలిసి సన్నని స్ఫటికములై మూత్రపిండములలో నిలిచిపోవును. మొదటి గంటలలో మత్తుమాత్రమే కనబడి పెద్దలను మోసపుచ్చును. తరువాత ప్రాణమునకే ముప్పు వచ్చును. ఎవరైన త్రాగిరని అనుమానము కలిగినచో, లక్షణములకై వేచియుండక, డబ్బాతోసహా తక్షణమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. దీనికి విరుగుడు కలదు. కాని అది వేళకు అందవలెను. గొట్టమును నోటితో పీల్చి ఈ ద్రవమును తీయుట ఎన్నడును తగదు.

పాతద్రవములో గ్లైకాల్ మాత్రమేకాక, ఇంజను నుండి కరగిన లోహములును ఉండును. దానిని కాలువలో పోసినచో చెఱువున చేరును. నేలపై పోసినచో బావినీటిలో దిగును. పశువులు త్రాగు తొట్టిదగ్గర పారబోయుట పశుహత్యతో సమానము. ఆ రైతు దానిని గట్టిమూతగల డబ్బాలో పోసి, “విషము” అని పెద్ద అక్షరములతో వ్రాయించి, పిల్లలకందని యెత్తుననుంచి, తరువాత అట్టి ద్రవమును సేకరించు వర్క్‌షాపునకు అప్పగించెను. మంచినీళ్ల సీసాలోగాని, పానీయముల సీసాలోగాని అతడు పోయలేదు. ఇండ్లలో జరుగు విషప్రమాదములు పెక్కు ఇట్టి సీసాల పొరపాటుననే కలుగుచున్నవి. నేలపై చిందిన చుక్కలను మట్టితో కప్పి ఊరకుండక, గుడ్డతో అద్ది, నీటితో తుడిచి, ఆ గుడ్డను సైతము జాగ్రత్తగా తొలగించెను. పని ముగియువరకు ఇంటికుక్కను కట్టివేసియుంచెను.

ద్రవమును మార్చినను ఇంజను మరల వేడెక్కుచున్నచో, మట్టము ఊరక తగ్గుచున్నచో, పొగ తెల్లగా తియ్యని వాసనతో వచ్చుచున్నచో, ఇంజను నూనె పాలవలె తెల్లబడినచో, లోపలి గాస్కెట్టు చెడియుండవచ్చును. అది ఇంటిపని కాదు. నేర్పరియైన మెకానిక్కునకు చూపవలెను. తనకు తెలిసిన పనిని శ్రద్ధతో చేయుట యెంత వివేకమో, తెలియని పనికడ ఆగుటయు అంతే వివేకము.

విజయదశమినాడు బండ్లను కడిగి, కుంకుమపెట్టి, పూలదండలు వేసి, చక్రములక్రింద నిమ్మకాయలుంచుట మనవారి ఆచారము. అన్నము పెట్టు సాధనమునందు కృతజ్ఞత చూపుట మంచిదే. ఆ కృతజ్ఞత ఒక్కనాటి దండతో వాడిపోరాదు. వారమునకొకసారి చల్లని ఉదయమున మూతక్రింద మట్టము చూచుటయు, గడువు రాగానే ద్రవమును మార్చుటయు, విషమును నలుగురి నీటిలో కలుపకుండుటయు ఏడాది పొడవున సాగవలసిన పూజలు. ఎద్దు కన్నులలోని అలసటను చదువగలిగిన తాతల మనుమలకు, బండిముల్లు చెప్పు మాటను చదువుట కష్టము కాదు. నోరున్న జీవమునకైనను, నోరులేని యంత్రమునకైనను, వేళకు దాహము తీర్చినవాని బరువునే అది కడదాక మోయును.